పేరు రాయని చీటీ

బేగంపేటలో ఓ హోటల్ హాల్లో, ఏసీ చలిలో
మూడు రోజులు మాకు నాయకత్వం నేర్పారు.
చివరి రోజు, సమోసాలకు ముందు
తలా ఒక చీటీ పంచారు.
‘మీకు ఆదర్శమైన నాయకుడి పేరు’
అని అచ్చువేసి, కింద ఒక గీత.
పక్కవాళ్లంతా గబగబా రాసేశారు
గోడల మీద ఫోటోలుండే పేర్లు,
ఏటా దండ మారే పేర్లు.
నా పెన్ను గీత మీద వాలి లేచింది, ఈగలాగా.
చీటీ మడిచి పర్సులో పెట్టుకుని
బోరబండ బస్సెక్కాను.

మా బడికి గేటుంది, గొళ్లెం లేదు.
స్టాఫ్‌రూంలో ఆరుగురికి నాలుగు కుర్చీలు.
ఇద్దరైనా క్లాసులో ఉండాలని సర్కారు ప్లానంట,
పెంటయ్య సార్ జోకు.

ఖుద్సియా టీచర్ మధ్యాహ్నం
పిల్లల వరసలో ఆఖరున నిలబడి
అదే స్టీలు పళ్లెంలో తింటుంది.
ఆ వారం అన్నంలో రాళ్లు.
ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు.
పంటికింద పడ్డదాన్నల్లా తీసి
రుమాలు కొసన ముడేసుకుంది.
శనివారం హెడ్‌మాస్టర్ టేబుల్ మీద
ఆ ముడి విప్పింది.
టక్. టక్. టక్.
"లెక్కపెట్టుకోండి సార్,
ఇవి ఒక్క పళ్లెంలోవి."
సోమవారం అన్నం మెత్తగా దిగింది పిల్లల గొంతుల్లో.
ఎవరు ఎవరికి ఫోన్ చేశారో నాకు తెలీదు.
నాకు తెలిసిందల్లా
ఆ ఆరు రోజులూ నేను
ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీసి
కిటికీకి వీపు పెట్టి తిన్నానని.

పెంటయ్య సార్ సంగతి వేరు.
పెద్ద గొంతు, జేబు నిండా సుద్దముక్కలు,
రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలు.
ఒకరోజు వాన. రేకుల మీద చప్పుడుకి
నేను చదివే పద్యం నాకే వినబడక
వరండాలోకొచ్చాను.
ఎదురుగా ఏడో తరగతి, బోర్డు మీద భిన్నాలు.
"సార్, తప్పు పడ్డది" అంది
మూడో బెంచీ నుంచి ఉమేరా.
ఆయన బోర్డు చూశాడు. పిల్లను చూశాడు.
సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి
వెళ్లి ఆమె జాగాలో కూర్చున్నాడు,
మోకాళ్లు పట్టక పక్కకు తిప్పుకుని.
చేయెత్తి అడిగాడు కూడా,
"టీచరమ్మా, ఆ మూడు ఎక్కడిది?"
క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
నిజంగానే రాసుకుంటున్నాడు.

నాకు నిన్నటి నోటుబుక్కు గుర్తొచ్చింది.
‘యాపచెట్టు’ అని రాశాడు భానుతేజ.
ఎర్రసిరాతో కొట్టేసి ‘వేప’ అని దిద్దాను.
"మా ఇంట్ల అది యాపచెట్టే టీచర్."
"ఇది ఇల్లు కాదు" అన్నాను.
మా నాయనమ్మ నోట్లోనూ అది యాపే.
యాపపుల్లతోనే నా పళ్లు తోమింది.
ఏ తరగతికి ఏ తరగతికి మధ్య
ఆ మాట జారిపోయిందో,
ఉద్యోగమొచ్చాక వెతకనైనా లేదు.

తడిసిన చెప్పులతో తిరిగి లోపలికెళ్లి
బోర్డు మీద రెండూ రాశాను, పక్కపక్కన.
"ఏది కరెక్టు టీచర్?"
"రెండూ చేదే" అన్నాను.
అందరూ నవ్వారు, భానుతేజ తప్ప.
వాడు తల వంచుకుని
ఆ ఎర్రసిరా మీద రబ్బరు రుద్దుతున్నాడు.
అది పోదు.

ఇవన్నీ వాళ్లిద్దరికీ నేనెన్నడూ చెప్పలేదు.
చెబితే ఖుద్సియా మాట మారుస్తుంది,
పెంటయ్య సార్ కుర్చీల జోకే మళ్లీ చెబుతాడు.

నిన్న చివరి బెల్లయ్యాక
"ఏమ్మా, కాగితం ముక్కుందా?" అన్నాడు.
పర్సులో చేయి పెడితే ఆ చీటీయే తగిలింది.
అచ్చక్షరాలు చూడకుండానే
గీత మీద రాశాడు:
ఇలియాస్, ఆరు బి, తొమ్మిది రోజులైంది.
సైట్ త్రీ, నీళ్ల ట్యాంకు వెనక, నీలం తలుపు.

ఖుద్సియా బురఖా సర్దుకుని ముందు నడిచింది,
ఆ గల్లీలు ఆమెకు ఎరుకేనట.
వెనక పెంటయ్య సార్, ఆయాసపడుతూ,
మధ్యలో ఆగి సోడా తాగుదామంటూ.
చీటీ నా చేతిలో ఉంది.
అంతా చడావు దారి.
ట్యాంకు ఇంకా కనబడలేదు.